నోటి, గొంతు క్యాన్సర్‌లో తీవ్రమైన నొప్పిని అదుపు చేసే విధానం

నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ఉన్న ఇళ్ళలో రాత్రి రెండు గంటలకు కూడా లైటు వెలుగుతూనే ఉంటుంది. రోగి పడుకోలేడు, పడుకుంటే దవడలో పోటు ఎక్కువవుతుంది. తువ్వాలు ఉండచుట్టి చెంపకు అదుముకుని గోడకు ఆనుకుని కూర్చుంటాడు. సాయంత్రం వేసిన బిళ్ళ బలం పదింటికే దిగిపోయింది. ఇంకోటి వేయొచ్చో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ వ్యాసం ఆ ఇంటివాళ్ళ కోసం. వాళ్ళు ముందుగా తలుపు తట్టే పీహెచ్‌సీ డాక్టరు, నర్సు, ఆశా కార్యకర్తల కోసం కూడా.

ఈ నొప్పి భరించి తీరాల్సినది కాదు. సరైన మందు సరిపడా మోతాదులో టైము ప్రకారం పడితే ఎక్కువమందిలో అదుపులోకి వస్తుంది. నొప్పి మొదలయ్యాకే మందు వేయడం, అన్ని నొప్పులకీ ఒకే బిళ్ళ వాడటం, మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు అంటే భయపడి ఆఖరి రోజుల దాకా దాన్ని దూరం పెట్టడం వల్లే చాలా ఇళ్ళలో అది అదుపు తప్పుతుంది. ఇక్కడ రాసిన మోతాదులన్నీ పెద్దవారికి. మందు మొదలుపెట్టడం, మార్చడం డాక్టరు చేయాల్సిన పని. కానీ ఆ మందు ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తేడా కొడుతుందో ఇంట్లో వాళ్ళకు తెలిసి తీరాలి.

మన దేశంలో మగవారికి అన్నిటికన్నా ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ నోటిదే. గుట్కా, ఖైనీ నొక్కిపెట్టే చోట చెంపకు, చిగురుకు వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే, అంటే చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకునే ఆడవారికి అంగిలికి వస్తుంది. ఎక్కడ మొదలైనా ఆ చోటు ఇరుకు, నరాలు దట్టం. దవడ ఎముక, నాలుక, ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం కొమ్మలు, గొంతు నరం అన్నీ అరచేతి వెడల్పులోనే ఉంటాయి. పైగా కాలు విరిగితే కాలికి విశ్రాంతి ఇవ్వొచ్చు గానీ నోటికి ఇవ్వలేం. ఉమ్మి మింగినా నొప్పే, ఆవలించినా నొప్పే. అందుకే ఒకే మనిషిలో మూడు నాలుగు రకాల నొప్పులు కలిసి ఉంటాయి. ఒక్కోదానికి మందు వేరు.

ముందు నొప్పిని వాళ్ళ మాటల్లోనే రాసుకోండి

"నొప్పిగా ఉందా?" అని అడిగితే "ఉంది" అనే జవాబొక్కటే వస్తుంది, దానితో డాక్టరు ఏమీ చేయలేరు. "ఎలా ఉంది?" అని అడగండి. తెలుగులో నొప్పికి ఉన్నన్ని మాటలు ఇక్కడ చాలా పనికొస్తాయి. మంట అంటే ఎక్కువగా నోటి పైపొర పుండు పడిందని, రేడియేషన్ వల్ల గానీ ఫంగస్ పూత వల్ల గానీ. సలుపు, అంటే గుండె కొట్టుకున్నట్టే చెంపలో కొట్టుకోవడం, వాపునూ చీమునూ గుర్తుచేస్తుంది. ఎముకలో తొలిచినట్టు, రాత్రి ఎక్కువగా ఉంటే దవడ ఎముకను చూడాలి. కరెంటు కొట్టినట్టు, సూదులు గుచ్చినట్టు, దువ్వెన తగిలినా జివ్వుమన్నట్టు ఉంటే అది నరం నొప్పి. మెడ, భుజం గుంజుతుంటే, ముఖ్యంగా మెడ ఆపరేషన్ అయ్యాక చేయి పైకెత్తలేకపోతుంటే, అది కండరాల బాధ. దానికి ఫిజియోథెరపీ కావాలి.

చెవి విషయంలో చాలామంది పొరబడతారు. నాలుక మొదట్లో, గొంతులో గడ్డ ఉన్నవారికి చెవిలో పోటు వస్తుంది. చెవిలో ఏమీ ఉండదు. గొంతుకూ చెవికీ ఒకే నరం కొమ్మలు వెళ్తాయి కాబట్టి మెదడు తికమకపడుతుంది. చెవిలో చుక్కలు వేస్తూ వారాలు గడిపేస్తారు, అసలు మందు పడాల్సింది గొంతు నొప్పికి.

ఎంత ఉందో కొలవడానికి సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమంటారు. అంకెలతో ఇబ్బంది పడే పెద్దవాళ్ళను రూపాయి లెక్కలో అడగండి: "నిన్నటి నొప్పి రూపాయి అనుకో నాన్నా, ఇవాళ ఎంత తగ్గింది? పావలా? అర్ధరూపాయా?" జవాబు ఠక్కున వస్తుంది. నాలుక తీసేసినవారు, మెడకు గొట్టం పెట్టినవారు మాట్లాడలేరు. వారికి వేళ్ళతో చూపడం, పలక, ఫోన్‌లో రాయడం అలవాటు చేయాలి. మాట రాదు కాబట్టి నొప్పి లేదనుకోవడం ఈ జబ్బులో జరిగే పెద్ద అన్యాయం.

ఒక నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీయండి: టైము, నొప్పి అంకె, వేసిన మందు, గంట తర్వాత అంకె. మూడు రోజుల లెక్క చేతిలో ఉంటే డాక్టరు ఐదు నిమిషాల్లో మోతాదు సరిచేయగలరు.

హఠాత్తుగా పెరిగితే గడ్డ పెరిగిందని అనుకోకండి

నిన్నటి దాకా నాలుగున్న నొప్పి ఇవాళ తొమ్మిదయితే చాలామంది "జబ్బు ముదిరింది" అని నీరుగారిపోతారు. చెంప, దవడ గడ్డల్లో అలా రెండు మూడు రోజుల్లో ఎగబాకే నొప్పికి తరచూ కారణం గడ్డలో చేరిన ఇన్ఫెక్షన్. చర్మం ఎర్రబడటం, ముట్టుకుంటే వేడి, బిర్రుగా వాపు, కొత్తగా వాసన ఉంటే అనుమానించాలి. జ్వరం లేకపోయినా ఉండొచ్చు. సరైన యాంటీబయాటిక్ పడితే మార్ఫిన్ పెంచకుండానే నొప్పి దిగడం ఈ రోగుల్లో మామూలుగా చూసేదే. కాబట్టి నొప్పి మందు పెంచమని అడిగే ముందు టార్చిలైటు వేసి నోరు, మెడ చూడండి. తెల్లటి పెరుగు తరకల్లాంటి పూత ఉంటే అది ఫంగస్, దానికి మందు వేరే. పుచ్చుపన్ను, గడ్డకు గుచ్చుకుంటున్న పన్ను అంచు కూడా నొప్పిని రెట్టింపు చేస్తాయి.

మందులు ఎక్కడ మొదలుపెట్టాలి

1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మెట్ల పద్ధతి ఇప్పటికీ దారి చూపుతుంది. పారాసిటమాల్ లాంటివి మొదటి మెట్టు, ట్రమడాల్ లాంటివి రెండో మెట్టు, మార్ఫిన్ మూడో మెట్టు. కానీ నొప్పి ఏడు, ఎనిమిది ఉన్న మనిషిని కింది మెట్టు నుంచి ఒక్కొక్కటే ఎక్కించి రెండు వారాలు వృథా చేయకూడదు. తీవ్రమైన నొప్పికి నేరుగా తక్కువ మోతాదు మార్ఫిన్‌తోనే మొదలుపెట్టవచ్చు.

పారాసిటమాల్‌ను చిన్నచూపు చూడకండి. మార్ఫిన్ ఉన్నా పక్కన ఇది ఉంటే మేలు. 50 కిలోలు దాటినవారికి రోజు మొత్తంలో 4 గ్రాములు మించకూడదు. ఈ రోగులు తిండి లేక 40 కిలోలకు దిగిపోయి ఉంటారు. వారికి కిలోకు 15 మి.గ్రా. లెక్కన, అంటే ఒక్కోసారి 500 నుంచి 600 మి.గ్రా., రోజుకు నాలుగుసార్లకు మించకుండా చాలు. జరిగే పొరపాటు ఏమిటంటే డోలో 650 ఒకపక్క వేస్తూ, ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన బిళ్ళ ఇంకోపక్క వేయడం. అట్ట వెనక చదవండి. రెండింట్లోనూ పారాసిటమాల్ ఉంటే కలిపి లెక్కేయాలి.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఎముక నొప్పికి, వాపుకు బాగా పనిచేస్తాయి, కానీ ఎవరికి పడితే వారికి కాదు. సిస్‌ప్లాటిన్ కీమో తీసుకుంటున్నవారు, నీళ్ళు సరిగా తాగలేనివారు, గడ్డ నుంచి రక్తం కారుతున్నవారు వీటికి దూరంగా ఉండాలి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రోజూ సాయంత్రం డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకునే అలవాటు కిడ్నీలను దెబ్బతీస్తుంది. కిడ్నీ దెబ్బతిన్నాక మార్ఫిన్ కూడా ఒంట్లో పేరుకుపోతుంది. పెంటజోసిన్ ఇంజెక్షన్ అసలే వద్దు. అది మార్ఫిన్ పనికి అడ్డుతగిలి, నొప్పిని మళ్ళీ లేపుతుంది.

ట్రమడాల్ 50 మి.గ్రా. ఆరు గంటలకోసారితో మొదలుపెడతారు, రోజుకు 400 మి.గ్రా. గరిష్ఠం. అంతకన్నా పెంచినా నొప్పి తగ్గదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మార్ఫిన్ మొదలైతే దీన్ని ఆపేస్తారు.

మార్ఫిన్: గడియారం చూసి వేసే మందు

మన దగ్గర ఎక్కువగా దొరికేది 10 మి.గ్రా. మామూలు బిళ్ళ. వేసిన అరగంటకు పని మొదలుపెట్టి, గంటకు పూర్తిగా ఎక్కి, నాలుగు గంటలకు దిగిపోతుంది. అందుకే నాలుగు గంటలకోసారి వేయాలి. రోజుకు రెండుసార్లు, మూడుసార్లు అని రాసిచ్చిన మామూలు మార్ఫిన్ బిళ్ళ నొప్పిని అదుపులో ఉంచలేదు. అలాంటి చీటీ కనిపిస్తే మొహమాటం లేకుండా అడగండి.

అంతకుముందు ఇలాంటి మందు వాడనివారికి, ముసలివారికి, బక్కచిక్కినవారికి ఒక్కోసారి 2.5 నుంచి 5 మి.గ్రా. ట్రమడాల్ పూర్తి మోతాదులో వాడుతూ ఉన్నవారికి 5 నుంచి 10. టైములు ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. పడుకునే ముందు వేసేది రెట్టింపు, అప్పుడు అర్ధరాత్రి 2 గంటలకు లేపక్కర్లేదు. రోజు మొత్తానికి ఆరు మోతాదులన్నమాట. నొప్పి లేదు కదా అని టైము దాటించకండి. నొప్పి లేనిది ఆ మందు వల్లే. పూర్తిగా దిగిపోయాక మళ్ళీ పైకి లాగాలంటే ఎక్కువ మందు, ఎక్కువ సమయం పడుతుంది.

మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఒక మోతాదు వేస్తారు. నాలుగు గంటలకోసారి వేసేది ఎంతో, అదనపుది అంతే. గంట గడిచినా తగ్గకపోతే ఇంకోసారి వేయవచ్చు. అదనపుది వేశామని తర్వాతి టైము మోతాదు మానకూడదు. డ్రెస్సింగుకు, భోజనానికి, నోరు కడిగే ముందు అరగంట ముందే వేస్తే ఆ పనులు నరకం కాకుండా జరుగుతాయి.

పెంచే లెక్క ఇలా ఉంటుంది. మీ నాన్నగారికి నాలుగు గంటలకోసారి 10 మి.గ్రా. పడుతోంది, రోజుకు 60. నిన్న నాలుగుసార్లు అదనంగా వేయాల్సివచ్చింది, అది 40. మొత్తం 100. ఆరుతో భాగిస్తే సుమారు 17, బిళ్ళలు విరిచే వీలుకొద్దీ 15. రేపటి నుంచి నాలుగు గంటలకోసారి 15 మి.గ్రా., అదనపు మోతాదు కూడా 15. ఈ లెక్క కోసమే నోటుబుక్కు. ఒక్కసారిగా సగానికి మించి పెంచరు. నిద్రమత్తు ఉంటే అసలు పెంచరు, ముందు కారణం వెతుకుతారు. మోతాదు కుదురుకున్నాక 12 గంటలు పనిచేసే ఎస్.ఆర్. బిళ్ళకు మారుస్తారు. 24 గంటల మొత్తాన్ని రెండుగా విడదీసి ఉదయం, రాత్రి ఇస్తారు. అప్పుడు కూడా అదనపు నొప్పికి మామూలు బిళ్ళే దగ్గర ఉండాలి.

మార్ఫిన్ మొదటి బిళ్ళతో పాటే విరేచనం మందు మొదలుకావాలి. దీన్ని వదిలేసిన చీటీ సగం చీటీ. నిద్రమత్తు, వాంతి కొన్ని రోజులకు ఒంటికి అలవాటై తగ్గిపోతాయి, మలబద్ధకం మాత్రం మందు వాడినంతకాలం ఉంటుంది. రాత్రి బిసకోడిల్ 5 నుంచి 10 మి.గ్రా. లేదా సెన్నా, ముక్కు గొట్టం ద్వారా తిండి తీసుకునేవారికి లాక్టులోజ్ సిరప్ 15 నుంచి 30 మి.లీ. ఇసబ్‌గోల్ పెట్టకండి. నీళ్ళు చాలా తాగగలిగిన వాళ్ళకే అది పనికొస్తుంది, ఈ రోగుల్లో గట్టిపడి అడ్డుపడుతుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే నాలుగో రోజు కోసం చూడకుండా చెప్పండి. మలబద్ధకం బాధ తట్టుకోలేక మార్ఫిన్ మానేసి, మళ్ళీ నొప్పిలో పడేవారు ఎందరో.

మొదటి వారం వాంతికి మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, లేదా హాలోపెరిడాల్ 0.5 నుంచి 1.5 మి.గ్రా. రాత్రి ఇస్తారు. మొదటి రెండు మూడు రోజులు బాగా నిద్రపోతే కంగారుపడకండి. వారాల తరబడి లేని నిద్ర అది. పిలిస్తే పలికి, మాట సరిగా ఉంటే చాలు.

కంగారుపడాల్సింది ఎప్పుడంటే, గట్టిగా తట్టినా సరిగా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువ శ్వాసలు, కంటిపాపలు సూదిమొన అంత చిన్నవవడం. అప్పుడు తర్వాతి మోతాదు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నలోక్సోన్ ఇంజెక్షన్ విరుగుడు. చేతులు కాళ్ళు ఉలిక్కిపడినట్టు ఎగరడం, లేనివి కనిపిస్తున్నాయనడం మొదలైతే మూత్రం ఎంత వస్తోందో చూడండి. నీళ్ళు తగ్గి, కిడ్నీ నెమ్మదించి, మార్ఫిన్ పేరుకుంటోందని గుర్తు. మోతాదు తగ్గించాలి లేదా ఫెంటనిల్ అనే ఇంకో బలమైన నొప్పి మందుకు మారాలి.

ఇక "అలవాటైపోతుంది" అనే భయం. కొన్ని వారాలు వాడిన ఒళ్ళు ఒక్కసారిగా ఆపితే చెమటలు, వణుకు వస్తాయి, అందుకే నెమ్మదిగా తగ్గిస్తారు. మత్తు కోసం వెంపర్లాడే వ్యసనం వేరు, నొప్పికి సరైన పర్యవేక్షణలో వాడేవారిలో అది అరుదు. మార్ఫిన్ ఇస్తున్నారంటే రోజులు దగ్గరపడ్డాయని కాదు. రేడియేషన్ సమయంలో వాడి, పుండ్లు మానాక పూర్తిగా ఆపేసి పనుల్లోకి వెళ్ళినవారు ఉన్నారు.

నరం నొప్పికి వేరే మందు కావాలి

కరెంటు కొట్టినట్టు ఉండే నొప్పి మార్ఫిన్ ఒక్కదానికే లొంగదు. గాబాపెంటిన్ రాత్రి 300 మి.గ్రా. (ముసలివారికి 100) లేదా ప్రెగాబాలిన్ 50 నుంచి 75 మి.గ్రా. మొదలుపెట్టి, కొన్ని రోజులకోసారి పెంచుతారు. గుణం తెలియడానికి వారం, రెండు వారాలు పడుతుంది. మూడు రోజులకే "పనిచేయలేదు" అని ఆపడం ఇక్కడ జరిగే తప్పు. మార్ఫిన్‌తో కలిస్తే మగత ఎక్కువవుతుంది, కిడ్నీ బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి. అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. కూడా మంచి మందే గానీ నోరు ఎండగడుతుంది. రేడియేషన్‌తో లాలాజలం లేక అల్లాడుతున్న మనిషికి అది రెండో దెబ్బ, కాబట్టి ఈ జబ్బులో దాన్ని వెనక్కి నెట్టడమే మంచిది.

గడ్డ వాచి నరాన్ని నొక్కుతున్నప్పుడు డెక్సామెథసోన్ 4 నుంచి 8 మి.గ్రా. ఉదయం తిన్నాక కొద్దిరోజులు ఇస్తారు. షుగర్ ఉన్నవారికి రోజూ చూడాలి. నోట్లో ఫంగస్ పూత త్వరగా వస్తుంది. శ్వాస పీల్చేటప్పుడు ఈల లాంటి శబ్దం వస్తుంటే అది గొంతు మూసుకుపోతున్న గుర్తు. ఇంట్లో మందులతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి బయల్దేరాలి.

మింగలేనప్పుడు

మామూలు మార్ఫిన్ బిళ్ళను పొడిచేసి 10 మి.లీ. నీళ్ళలో కలిపి రైల్స్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ద్వారా ఇవ్వవచ్చు. ముందు 20 నుంచి 30 మి.లీ. నీళ్ళు, మందు, మళ్ళీ 30 మి.లీ. నీళ్ళు. రెండు మూడు మందులుంటే అన్నీ ఒకేసారి కలపకుండా ఒక్కొక్కటిగా ఇచ్చి మధ్యలో నీళ్ళు పోయాలి. తల వైపు ఎత్తుగా ఉంచి, ఆ తర్వాత అరగంట అలాగే కూర్చోబెట్టాలి. గాబాపెంటిన్ క్యాప్సూల్ విప్పి కలపవచ్చు. ఎస్.ఆర్. అని ఉన్న బిళ్ళను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పొడి చేయకూడదు. 12 గంటల మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది.

గుట్కా వల్ల, రేడియేషన్ వల్ల దవడ బిగుసుకుపోయినవారికి వెనక పళ్ళ సందులోంచి సిరంజితో కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టి మెల్లగా తెరిచే వ్యాయామం, నొప్పి మందు వేసిన అరగంటకు, రోజుకు మూడుసార్లు చేయించండి. రక్తం కారే గడ్డ ఉన్నా, ఎముక బలహీనపడిందని చెప్పినా చేయించవద్దు.

చర్మానికి అంటించే ఫెంటనిల్ ప్యాచ్ మింగలేనివారికి పెద్ద ఆసరా. దీన్ని నొప్పి అదుపులోకి వచ్చి మోతాదు తేలినవారికే వేస్తారు. మొదటిసారే ప్యాచ్‌తో మొదలుపెట్టడం ప్రమాదం. గంటకు 25 మైక్రోగ్రాముల ప్యాచ్ రోజుకు సుమారు 60 మి.గ్రా. నోటి మార్ఫిన్‌తో సమానం. వేసిన 12 గంటలకు గానీ పని మొదలవదు, కాబట్టి ఆ మొదటి 12 గంటలు పాత మార్ఫిన్ కొనసాగాలి. ఈ మాట చెప్పక ఇంటికి పంపితే ఆ రాత్రి రోగి నరకం చూస్తాడు.

అంటించే చోటు ఛాతీ, భుజం కింద, వీపు. రేడియేషన్ పడిన చర్మం మీద వద్దు. వెంట్రుకలుంటే కత్తెరతో కత్తిరించండి, గీయకండి. సబ్బు లేకుండా నీళ్ళతో తుడిచి బాగా ఆరాక అంటించి, అరచేత్తో అరనిమిషం నొక్కి పట్టండి. తేదీ, టైము పెన్నుతో ప్యాచ్ మీదే రాయండి. మూడు రోజులకు, సరిగ్గా 72 గంటలకు, వేరే చోట కొత్తది వేయాలి. ప్యాచ్‌ను ముక్కలు కోయకూడదు. వేడి తగిలితే మందు ఒంట్లోకి ఎక్కువగా దిగుతుంది. వేడినీళ్ళ సంచి పెట్టకూడదు, ఎండలో కూర్చోబెట్టకూడదు, జ్వరం వస్తే మగతను కనిపెట్టుకుని ఉండాలి. రోహిణి ఎండల్లో చెమటకు ఊడిపోతుంటుంది, అంచుల చుట్టూ మెడికల్ టేపు వేయండి. తీసేసిన ప్యాచ్‌లో ఇంకా మందు ఉంటుంది. జిగురు లోపలికి వచ్చేలా మడిచి, పిల్లలకు అందకుండా పారేయండి.

రేడియేషన్ పుండ్లు

ఆరేడు వారాల రేడియేషన్‌లో రెండో, మూడో వారం నుంచి నోరు పూస్తుంది. ఆఖరి వారానికి పూర్తిగా రేగి, చికిత్స ముగిశాక రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక టీస్పూను వంట సోడా, అర టీస్పూను ఉప్పు కలిపి, ప్రతి మూడు నాలుగు గంటలకు పుక్కిలించాలి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, లవంగ నూనె, పుండు మీద పసుపు, ఆకు పసర్లు వద్దు, కాలిన చోట కారం రాసినట్టే అవుతుంది.

తినే ముందు 2 శాతం లిగ్నోకైన్ విస్కస్ (చిక్కటి) ద్రవం ఒకటి రెండు టీస్పూన్లు నోట్లో తిప్పి ఉమ్మేస్తే మొద్దుబారుతుంది. గొంతు కూడా మొద్దుబారితే పొలమారుతుంది. అందుకే మింగకూడదు, తిండి మెత్తగా, చిన్న ముద్దలుగా ఉండాలి. 0.2 శాతం మార్ఫిన్ ద్రావణం, అంటే మి.లీ.కు 2 మి.గ్రా., నోట్లో రెండు నిమిషాలు ఉంచి ఉమ్మేసే పద్ధతి కూడా ఉంది. పుండ్ల మంటకు బాగా పనిచేస్తుంది. దాన్ని ఆసుపత్రిలో కలిపిస్తారు, ఇంట్లో మీ అంతట మీరు చేయకండి. తిండి రాగి జావ, మెత్తగా గుజ్జు చేసిన పెరుగన్నం. పెరుగు పులవకూడదు, జావ గోరువెచ్చగా దాటకూడదు. చారు కూడా చింతపండు వల్ల మండుతుంది.

బయటికి తెరుచుకున్న పుండు

చెంప, మెడ చీలి బయటికి వచ్చిన పుండుకు రోజూ డ్రెస్సింగ్ చేయాలి. అరగంట ముందు అదనపు మార్ఫిన్ వేయండి. అర లీటరు నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు వేసి కాచి చల్లార్చి, అంటుకున్న గాజు గుడ్డను ఐదు పది నిమిషాలు దానితో తడపండి. అప్పుడు అది దానంతటదే వదులుతుంది. పొడిగా పీకితే నొప్పి, రక్తం రెండూ. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ రుద్దవద్దు. దుర్వాసనకు మెట్రోనిడజోల్ బిళ్ళల్ని మెత్తగా పొడిచేసి పుండు మీద చల్లితే నాలుగైదు రోజుల్లో బాగా తగ్గుతుంది. వాసన వల్ల పక్కన ఎవరూ కూర్చోకపోవడం ఎంత బాధ పెడుతుందో చెప్పనక్కర్లేదు. మనవడు మళ్ళీ మంచం పక్కకు వస్తే రోగి కూడా కాస్త కుదుటపడతాడు.

పుండులో ఏదో పాకుతున్నట్టు, ఉన్నట్టుండి నొప్పి, సన్నగా రక్తం వస్తే పురుగులు పడ్డాయేమో చూడండి. ఇది మీ నిర్లక్ష్యం కాదు, ఈగ ఒక్కసారి వాలితే చాలు. టర్పెంటైన్‌తో తడిపిన గాజుగుడ్డ పుండు అంచున కొద్దిసేపు పెడితే పైకి వస్తాయి, ఫోర్సెప్స్‌తో తీసేస్తారు. టర్పెంటైన్ పుండులో పోయకూడదు, నోట్లోకి జారనివ్వకూడదు. మొదటిసారి నర్సుతో చేయించండి. తర్వాత పగలు కూడా దోమతెర కట్టండి.

రక్తం ఊటలా వస్తే ట్రానెగ్జామిక్ ఆమ్లం ఇంజెక్షన్‌తో తడిపిన గుడ్డ పెట్టి పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. మధ్యలో ఎత్తి చూడకూడదు. మెడలో పెద్ద రక్తనాళం పక్కన గడ్డ ఉన్నవారి మంచం దగ్గర ముదురు రంగు తువ్వాళ్ళు ఉంచుకోండి. తెల్ల గుడ్డ మీద రక్తం చూసి రోగి బెదిరిపోతాడు.

ఇంత చేసినా లొంగకపోతే

నయం చేయలేని దశలో కూడా నొప్పి కోసం చిన్న రేడియేషన్ ఇస్తారు. ఎముక నొప్పికి ఒకే రోజు 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత), ముఖం, మెడ గడ్డలకు రెండు రోజుల్లో నాలుగుసార్లుగా 14 గ్రే ఇచ్చే పద్ధతి ఉంది. ఫలితం తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా మందులు ఆపకూడదు. నొప్పి ఒక్క నరం దారినే ఉంటే దవడ నరానికి, గొంతు నరానికి దాన్ని మొద్దుబార్చే బ్లాక్ ఇంజెక్షన్ చేస్తారు. మెథడోన్, కెటామైన్ లాంటివి పాలియేటివ్ నిపుణుల, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యంలో నిపుణుల చేతిలో ఉండాల్సిన మందులు. ఈ నిపుణుల దగ్గరికి ఆఖరి వారంలో కాకుండా క్యాన్సర్ అని తేలిన నెలలోనే ఒకసారి వెళ్ళండి.

మార్ఫిన్ ఎక్కడ దొరుకుతుంది

మార్ఫిన్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఉంది కాబట్టి వీధి చివరి మెడికల్ షాపులో దొరకదు. 2014లో ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు పలు లైసెన్సుల బెడద లేకుండా దీన్ని ఉంచుకునే వీలు కల్పించారు. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, తెలంగాణ జిల్లాల్లోని ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలు, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో అడగండి. బయాప్సీ రిపోర్టు, పాత చీటీలు, రోగి గుర్తింపు కార్డు తీసుకెళ్ళండి. రోగి ప్రయాణం చేయలేకపోతే ఇంటివాళ్ళు వెళ్తే ఇస్తారా, ఇంటికి వచ్చే బృందం ఉందా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నాలుగు రోజుల మందు మిగిలి ఉండగానే మళ్ళీ బయల్దేరాలి, ఆదివారం, పండగ సెలవులు చూసుకుని. ఉన్నట్టుండి మందు ఐపోతే నొప్పితో పాటు వణుకు, చెమటలు కూడా తోడవుతాయి.

బిళ్ళలు తాళం ఉన్న పెట్టెలో పెట్టి, తాళంచెవి ఒకరి దగ్గరే ఉంచండి. రోజూ ఎన్ని వాడారో, ఎన్ని మిగిలాయో అదే నోటుబుక్కులో రాయండి. ఊరు మారేటప్పుడు చీటీ నకలు వెంట ఉండాలి. పక్కింట్లో ఎవరికో నడుంనొప్పి అని ఒక్క బిళ్ళ కూడా ఇవ్వకండి, అలవాటు లేని ఒంటికి అది ప్రమాదం. అవసరం తీరాక మిగిలినవి లెక్కపెట్టి, ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి ఇచ్చేయండి.